బెల్లం మండీ బ్యాకు పెంచలయ్య

చిత్తూరు బెల్లం మండీలో మూటలు మోసే పెంచలయ్య ఫుట్‌బాల్ ఆటగాడు కావాలని ఎన్నడూ అనుకోలేదు. 1941లో ఒక ఆదివారం మండీ జట్టుకు ఒక మనిషి తక్కువయ్యాడు. జట్టు కెప్టెన్ మునిరత్నం మండీలోనే గుమాస్తా. అతను చుట్టూ చూసి, రెండు మూటలు ఒకేసారి భుజాన వేసుకుని పోతున్న మనిషిని ఆపాడు.

“నాకు ఆట రాదు సామీ,” అన్నాడు పెంచలయ్య.

“రాకపోతే ఏమబ్బా. బ్యాకంటే ఆ గోలుకు ముందర నిలబడేదే. బాలొస్తే తన్ను. మనిషొస్తే కదలద్దు.”

ఫుట్‌బాల్ గురించి పెంచలయ్య చదివిన చదువంతా అదే. ఎనిమిదేళ్లు దానితోనే నెట్టుకొచ్చాడు.

మొదటి ఆట పాకాల రైల్వే జట్టుతో. వాళ్లలో సగం మందికి బూట్లున్నాయి. మండీవాళ్లవి వట్టి కాళ్లు. రైల్వే ఫార్వర్డు ఒకడు బంతితో దూసుకొచ్చి, పెంచలయ్య రొమ్ముకు తగిలి వెల్లకిలా పడ్డాడు. పెంచలయ్యకు ప్రాణం చివుక్కుమంది. వంగి వాణ్ణి ఎత్తి, మూటను వేసుకున్నట్టే భుజాన వేసుకుని, మైదానం దాటి చింతచెట్టు నీడలో పదిలంగా దించి, మొహాన నీళ్లు చల్లి వచ్చాడు. వచ్చేసరికి రైల్వేవాళ్లు రెండు గోల్స్ వేసేసి ఉన్నారు.

“పడినోణ్ణి మోసేది నీ పని కాదప్పా,” అన్నాడు మునిరత్నం నెత్తిన చేతులు పెట్టుకుని.

“మరి ఎవురి పని?”



రెండేళ్లు తిరిగేసరికి పెంచలయ్య పేరు చెబితే పుత్తూరు నుంచి పలమనేరు దాకా ఫార్వర్డులు బంతిని పక్కవాడికి ఇచ్చేసేవారు. అతని ఒళ్లు కూడా తన వంతు దెబ్బలు తింది. ముక్కు ఒకసారి ఎడమకు తిరిగింది, మరుసటేడు ఇంకో ఆటలో సుమారుగా మధ్యకు వచ్చింది. చంద్రగిరి ఆటగాడొకడు తలతో గుద్దినప్పుడు ముందు పన్ను ఊడింది. అదెక్కడ పడిందో ఎవరికీ దొరకలేదు. పది రోజుల తర్వాత ఆ చంద్రగిరివాడు క్షవరానికి కూర్చుంటే మంగలి కత్తికి ఏదో గట్టిగా తగిలిందట. వాడు మర్యాదస్తుడు. దాన్ని కాగితంలో పొట్లం కట్టి బస్సు డ్రైవరు చేతికిచ్చి పంపాడు.

ఇంటికి కుంటుకుంటూ వచ్చినప్పుడల్లా భార్య అలివేలమ్మ ఉప్పు వేయించి, గుడ్డలో మూట కట్టి కాపడం పెట్టేది. కాపడం కంటే ఆమె మాటలే వేడిగా ఉండేవి.

“ఆ తోలుబంతికి పెండ్లాం బిడ్డలుండారా? అది తన్నులు తిన్నా ఎవురూ ఏడవరు. నీకుండారే.”

మైదానంలో పదకొండు మందిని ఆపినవాడికి ఆమె నోటిని ఆపడం తెలియదు.

1944లో మండీ జట్టు మొదటిసారి జిల్లా షీల్డు ఫైనల్‌కు వచ్చింది. అవతల పోలీసు జట్టు. వాళ్ల ఫార్వర్డు సబ్ ఇన్‌స్పెక్టర్ జయరావు. మూడేళ్లుగా షీల్డు పోలీసులదే. జయరావు బంతి పట్టుకుని బయల్దేరితే ఎదుటి జట్టు రెండు పాయలుగా చీలిపోయేది. గోలుకీపరుకు కూడా సరిగ్గా అప్పుడే కంట్లో నలుసు పడేది.

“ఆయప్ప వస్తే తప్పుకో,” అని మునిరత్నం ముందే చెప్పాడు.

“కదలద్దంటివే?”

“అది వేరేవాళ్లకి. ఈయప్ప దగ్గిర లాకప్పు ఉండాది.”

పెంచలయ్య సరేనన్నాడు. జయరావు రానే వచ్చాడు. పెంచలయ్య మాట ప్రకారం కుడికి తప్పుకున్నాడు. జయరావు కూడా అతన్ని తప్పించబోయి అటే తిరిగాడు. టపేలుమని శబ్దం వచ్చింది. జయరావు భుజం ఎముక విరిగింది. జనం చెప్పులు వదిలేసి పరిగెత్తారు. రిఫరీ ఈల మింగినంత పని చేశాడు. ఆట అంతటితో ఆగిపోయింది.

మరునాడు పొద్దున పెంచలయ్య తలంటుకుని, ఉతికిన పంచె కట్టుకుని, అలివేలమ్మ కట్టిచ్చిన సంగటి ముద్దలు పట్టుకుని తనంతట తానే పోలీస్ స్టేషన్‌కు పోయాడు. లోపల వేయమన్నాడు. ఎవరూ వేయలేదు. మధ్యాహ్నానికి జయరావు చేతికి కట్టుతో వచ్చాడు.

“నిన్న ఎందుకు తప్పుకోలేదు?”

“తప్పుకుంటిని సార్. తమరూ ఆ పక్కకే తప్పుకుంటిరి.”

“మిగతావాళ్లెవరూ నాకెప్పుడూ ఇలా తగల్లేదే?”

“ఆళ్లు ముందే పోతారు సార్. తమరు బయల్దేరక ముందే.”

జయరావు కుర్చీలో కూలబడ్డాడు. ఇంట్లో గోడ నిండా షీల్డు పట్టుకుని తీయించుకున్న ఫోటోలున్నాయి. విరిగిన ఎముక కంటే ఈ మాట ఎక్కువ నొప్పి పెట్టినట్టుంది. గొంతు తగ్గించి అడిగాడు.

“మరి నాకు ఆట వచ్చా, రాదా?”

పెంచలయ్యకు అబద్ధం చెప్పడం చేతకాదు. “ఎడమకాలు మంచిది సార్,” అన్నాడు. “కుడికాలును మాత్రం నమ్ముకోవద్దండి.”

ఎముక అతుక్కున్నాక, పరేడ్ మైదానంలో సాయంత్రాలు ఆ ఇద్దరే కనిపించేవారు. జయరావు పరుగెత్తి వచ్చి పెంచలయ్యకు తగిలి పడేవాడు. పెంచలయ్య లేపబోతే “ముట్టుకోకు” అని కసిరి, దుమ్ము దులుపుకుని మళ్లీ వచ్చేవాడు. ఏడాదిన్నర అలా పడ్డాడు. చూసే కానిస్టేబుళ్లకు నవ్వు ఆపుకోవడమే పెద్ద డ్యూటీ అయింది.

1946 ఫైనల్లో మళ్లీ ఆ రెండు జట్లే. మండీవాళ్లు రెండు గోల్స్ ముందున్నారు. ఇక ఆట అయిపోతుందనగా జయరావు ఎదురొచ్చాడు. కుడికాలితో తన్నబోయినట్టు చూపించాడు. పెంచలయ్య దాన్ని నమ్మాడు. మరుక్షణం బంతి ఎడమకాలి మీద నుంచి అతని పక్కగా పోయి గోలులో పడింది, పెంచలయ్య నేల మీద చతికిలబడ్డాడు.

పోలీసులు ఓడిపోయారు. అయినా జయరావు ఎగురుకుంటూ వచ్చి పెంచలయ్య చొక్కా పట్టుకున్నాడు.

“నిజం చెప్పు. తప్పుకున్నావా?”

“అమ్మతోడు సార్, లేదు.”

మూడుసార్లు ఒట్టు వేయించుకున్నాడు. ఆ తర్వాత పెంచలయ్యను కావలించుకున్నాడు. ఓడిన జట్టు అలా సంబరపడటం చిత్తూరులో ఎవరూ చూడలేదు. పెంచలయ్యకూ లోపల ఎక్కడో హాయిగా ఉంది. ఎందుకో అతనికే తెలియలేదు.

జయరావుకు తర్వాత బదిలీ అయింది. పెంచలయ్య ఇంకో మూడేళ్లు ఆడాడు. 1949లో శ్రీకాళహస్తి జట్టుతో ఆటలో, గోవిందు అనే బక్కపలచని కుర్రవాడు నాలుగుసార్లు అతన్ని దాటిపోయాడు. నాలుగోసారి పెంచలయ్య మోకాలు కలుక్కుమంది. ఆట మధ్యలోనే గోవిందు దగ్గరికి కుంటుతూ పోయి భుజం తట్టాడు.

“బాగుండావబ్బా. నీ తట్టు నించి గాలి తప్ప ఏమీ దొరకలా నాకు.”

తర్వాత మునిరత్నం వైపు తిరిగి, “నాకు సాలప్పా,” అన్నాడు. పది మందితో ఆడుకొమ్మని చెప్పి, పంచె దులిపి కట్టుకుని, మైదానం దాటి మార్కెట్ వీధి హోటలుకు పోయి కూర్చుని ఆరు ఇడ్లీలు తెమ్మన్నాడు.