నడవ నడవడానికే

అశోక్‌నగర్‌లో నేను అద్దెకుండే వాటా మొదటి అంతస్తులో చివరిది. తలుపు తీస్తే ఎదురుగా నడవ. మా ఇంటావిడ వెనక భవనం కూడా కొని ఆడపిల్లల హాస్టల్ చేసినప్పుడు, మధ్య సందు మీదుగా ఇనుప వంతెన లాంటిది వేయించి, పైన రేకులు కప్పించింది; అదే ఈ నడవ. వెనక గదుల పిల్లలు దాని మీదుగానే మా వైపున్న భోజనాల గదికి వస్తారు.

ఆ నడవలో, నా గుమ్మం పక్కన, పాత పేపర్ల కట్టలుండేవి. పత్రికలో డెస్కు మీద పనిచేసిన ఏళ్లలో నేను దిద్దిన పేజీలవి. పాలమూరు వైపు పల్లె నుంచి వచ్చిన ఒకమ్మాయి వాటిని బెంచీ చేసుకుంది. గదిలో నలుగురు, ఎప్పుడూ ఎవరో ఒకరు ఫోన్లో. అందుకని రెండేళ్లుగా నా కట్టల మీద కూర్చుని, ఒళ్లో అట్ట పెట్టుకుని గ్రూప్స్ పరీక్షకు చదివేది.

పరీక్ష నెల రోజులుందనగా ఫైర్ ఆఫీసు నుంచి ఒకాయన తనిఖీకి వచ్చాడు. రెండు భవనాల్లోనూ పైకప్పు కింద ఎర్ర పైపులు, వాటికి మంట తగిలితే నీళ్లు చిమ్మే స్ప్రింక్లర్లు చూసి తలూపాడు. నడవలోకి వచ్చి ఆగాడు.

“ఇక్కడ పైపేది?”

“ఇది గది కాదు కదండీ, దారి” అంది ఇంటావిడ.

“దారైతే అక్కర్లేదమ్మా. పైన రేకు, పక్కల ఖాళీ, కింద ఇనుము. కాలేటిదేం లేదు. మరి ఈ పేపర్లేంది? ఒక్క అగ్గిపుల్ల చాలు, ఆ బిల్డింగ్ మంటకు ఈ బిల్డింగ్‌లకు దారి చూపిస్తయ్. సామాన్లుంటే ఇక్కడ గూడ స్ప్రింక్లర్లు పెట్టాలె. లేకుంటే ఖాళీ జెయ్యాలె. పదిహేను రోజులకు మల్ల వస్త.”

పైపు వేయాలంటే పంపు, ట్యాంకు కూడా మార్చాలట. ఖాళీ చేయడానికే ఇంటావిడ నిశ్చయించుకుంది. “మీరు పేపర్లో చేసినవారు కదండీ, పిల్లలకు అర్థమయ్యేలా బోర్డు మీద రెండు ముక్కలు రాయండి” అని నన్నడిగింది. “నడవ నడవడానికే. ఇక్కడ కూర్చోరాదు, ఏమీ ఉంచరాదు” అని రాశాను. శీర్షిక బాగా కుదిరిందని లోపల మురిసిపోయాను కూడా.

ఆ అమ్మాయి బోర్డు చదివింది.

“మీరే రాసిన్రా మేడం? మంచిగుంది. నడవనీకి నడవ. మరి కూసోనీకి ఏమంటరు?”

నవ్వుతూనే అడిగింది. కట్టలు నా ముందుగదిలోకి చేర్చడానికి సాయం కూడా పట్టింది. తన బెంచీని తనే మోసి పెట్టింది.

మర్నాడు మెట్ల మీద కూర్చుంటే అదీ దారేనని ఇంటావిడ లేపింది. రెండు రోజుల తరవాత ఆరిన బట్టల కోసం నేను డాబా ఎక్కితే, నీళ్ల ట్యాంకు పక్కన చున్నీ నెత్తిన కప్పుకుని కనిపించింది.

“తలనొప్పి రావడం లేదూ?”

“వస్తది మేడం. నీడ ఎటు వోతే అటు జరుగుతున్న. జాగ్రఫీ అయితే మంచిగ అర్థమయితుంది.”

కిందికొచ్చి ముందుగది చూశాను. ఒక బల్ల, ఒక కుర్చీ పట్టే చోటులో, గోడ పొడుగునా కాగితాలు. నేనే మళ్లీ తిరగేసింది లేదు. మర్నాడు పొద్దున చిక్కడపల్లి నుంచి పాత పేపర్లు కొనే బండి అతన్ని పిలిచాను. ఒక కట్ట విప్పి చూస్తే, పై పేజీలోనే నా కళ్లుగప్పిన అచ్చుతప్పు ఒకటి కనిపించింది. మళ్లీ కట్టేసి ఇచ్చేశాను.

నారాయణగూడలో ఒక పాత బల్ల, కుర్చీ దొరికితే ముందుగదిలో వేయించాను. అమ్మాయి వచ్చి కూర్చుంది. రెండు రోజులకే మొహం వేలాడేసింది.

“ఏమైందమ్మా?”

“సప్పుడు లేదు మేడం. నిద్రొస్తుంది.”

రెండేళ్లు నడవలో చదివిన పిల్ల. ఇనుము మీద చెప్పుల మోత, కంచాల చప్పుడు, వెళ్తూ వెళ్తూ నెత్తిన మొట్టే స్నేహితురాళ్లు లేనిదే అక్షరం ఎక్కడం లేదు. మూడోనాడు తనే కుర్చీని గుమ్మం దాకా జరుపుకుని తలుపు బార్లా తీసింది. ఇంక వచ్చేపోయే పిల్లలు “కలెక్టరమ్మా, కూర సల్లారుతుంది” అని ఏడిపిస్తూ, గుప్పెట్లో పల్లీలు పోసి పోయేవారు.

చెప్పినట్టే ఫైర్ ఆఫీసు ఆయన మళ్లీ వచ్చాడు. ఇంటావిడ వెనకే నడిచింది. ఖాళీ నడవ, రేకులు, పక్కలు చూసుకుంటూ వచ్చి నా గుమ్మం ముందు ఆగాడు. అమ్మాయి పుస్తకంతో సహా సగం లేచింది.

“గడప లోపలున్న సార్. నడవల లేను.”

ఆయన నా బోర్డు చదివాడు. తరవాత కిందికి చూశాడు.

“కాళ్లు బయటున్నయ్ బిడ్డా.”

ఆమె గబుక్కున కాళ్లు లోపలికి ముడుచుకుంది. ఆయన పెదవి బిగించి నవ్వాపుకుంటూ కాగితం మీద సంతకం పెట్టి ఇంటావిడకిచ్చాడు. చదువుకునే పిల్లకు ఇబ్బంది అవుతుందని కాబోలు, బూట్ల చప్పుడు కాకుండా మునివేళ్ల మీద నడవ దాటాడు. ఆమెకు కావలసింది ఆ చప్పుడేనని ఆయనకు తెలియదు.