ఆళ్లగడ్డ బట్టీలో కాలిన గవ్వలు

ఎనభైల మొదట్లో, ఒక మార్చి నెల శుక్రవారం ఉదయం ఆరు గంటలకు గుంటూరులో మీటర్‌గేజి పాసింజరు ఎక్కాను. చేతిసంచిలో రెండు పొట్లాల మాకరోనీ, రెండు డబ్బాల చీజు. ఈ ప్రయాణానికి కారణం నా నోరే. మా పక్కింటి ఆంగ్లో ఇండియన్ దొరసాని గుడ్డు లేకుండా మాకరోనీ బేక్ చేయడం నేర్పింది. నేర్చుకున్నవాణ్ని ఊరుకోవచ్చు కదా! ఊరూరా ఉత్తరాలు రాశాను.

అందులో ఒకటి ఆళ్లగడ్డలో ఉన్న నా కాలేజీ మిత్రుడు ప్రభుదాసుకు అందింది. అతని భార్య కరుణమ్మ అక్కడి బడిలో టీచరు. తిరుగుటపాలో ఆమే రాసింది: "అన్నా, శుక్రవారంతో నా ఉద్యోగం అయిపోతుంది. శనివారం బడికి సెలవు, పంతుళ్లను భోజనానికి పిలుస్తున్నాను. ఇరవై ఆరేళ్లుగా మా బడి పంతుళ్లు మా ఇంటికి వస్తే అరటిపండు తిని పోతారు. శాకాహారులం అంటారు. ఇంట్లో పప్పు తప్ప ఏమీ వండని రోజు కూడా అదే మాట. ఒక్క పూటైనా మా ఇంట్లో వండింది వాళ్లు తినాలి. మీ మాకరోనీ తీసుకుని రండి."

వెళ్లదలచినవారికి ఒక సలహా: గిద్దలూరులోనే కడుపు నింపుకోండి. ఆ తర్వాత నల్లమల అడవి, సొరంగాలు. నంద్యాల దాకా చూపుకే విందు. నాకు ఎదురుగా గోస్పాడు రైతు ఒకాయన కూర్చున్నాడు.

"ఆ సంచిలో ఏందప్పా, గలగలమంటాంది?"

ఒక మాకరోనీ ముక్క చేతికిచ్చాను. కంటికి ఆనించుకుని అందులోంచి కిటికీ బయటకు చూశాడు.

"బొక్క సుట్టూ పిండి అతికించినారు. బొక్కకు గూడా దుడ్లు తీసుకున్నారా?"

నాలుగు గంటలకు నంద్యాల. బస్టాండు దగ్గర రెండు ఇడ్లీలు తిని, చాలవేమోనన్న భయంతో మరో పొట్లం మాకరోనీ కోసం మూడు కొట్లు తిరిగాను. మూడో కొట్టాయన "అది యాడి సరుకప్పా? సేమియా ఉండాది, కావల్నా?" అన్నాడు. అయిదు గంటల బస్సెక్కి ఆరున్నరకు ఆళ్లగడ్డలో దిగాను. రోడ్డు పక్క శిల్పుల ఉలి చప్పుళ్లు అప్పుడే సద్దుమణుగుతున్నాయి. రాత్రి ప్రభుదాసు ఇంట్లో భోజనం దగ్గర చీజు గురించి గంటసేపు ప్రసంగించాను. మాకరోనీ ఉడికించే పద్ధతి మాత్రం చెప్పలేదు.

దాని ఫలితం శనివారం ఉదయం ఎనిమిదికి కనిపించింది. వంటింట్లో పెద్ద బేసిన్ నిండా తెల్లటి ముద్ద.

"శనగలకన్నా గట్టిగా ఉన్నాయని నిన్ననే నానేసినా అన్నా," అంది కరుణమ్మ.

రెండు పొట్లాలూ నానేసింది. పంతుళ్లు ఒంటి గంటకు వస్తారు. ప్రభుదాసు "సేమియా ఉప్మా చేయరాదూ" అన్నాడు. కరుణమ్మ అతని వంక కూడా చూడలేదు. పీట మీద కూలబడి, "అరటిపండ్లే తెప్పించండి," అంది.

నేను చెయ్యి బేసిన్లో పెట్టి ముద్దను బొటనవేలితో నొక్కాను. అది వంపు తిరిగి ముడుచుకుంది. ఎక్కడో చూసిన ఆకారం.

"అమ్మా, గవ్వల పీట ఉందా?"

"మాకు యాడిదన్నా? ఎదురింటి సుబ్బరత్నమ్మ టీచరు కాడ ఉండాది." ఆగి, మెల్లగా అంది, "ఆమె మా ఇంటికొస్తే నీళ్లు కూడా సొంత చెంబుతో తెచ్చుకుంటాది."

అయినా వెళ్లింది. తిరిగి వచ్చేటప్పుడు వెనకాలే సన్నగా, పొడుగ్గా ఒక పెద్దావిడ, గవ్వల పీటను చంకలో బిగించి పట్టుకుని.

"పీట ఇస్తే గీతలు అరగదీస్తారు. నేనే వత్తిపెట్టి పోతా," అంటూ ముందుగదిలో ఆగింది. గడప అవతల బేసిన్ కనిపించింది. "అదేంది మే కరుణమ్మా, గోడకు కాగితాలు అంటించే బంకా?" అని నేరుగా వంటింట్లోకి వచ్చేసింది.

ఆ ముద్దను పక్కన పెట్టేసి, గోధుమపిండి, బొంబాయి రవ్వ కలిపి గట్టిగా తడిపాం. ఆమె వేలు కదిలితే చాలు, గవ్వ గీతలతో సహా దొర్లిపడేది.

"నూనెలో గాదా? నీళ్లలో ఉడకేస్తావా? కలికాలం!"

నావి చూసి, "సారూ, అవి గవ్వలా, నక్క చెవులా?" అంది. నిజమే, నా గవ్వలు గవ్వకు కొరగావు. కరుణమ్మ చాలా రోజుల తర్వాత నవ్వినట్టు నవ్వింది.

వెన్నలో మైదా వేయించి, పాలు పోసి చిక్కబరిచాం. క్యారెట్టు, బీన్సు, టమాటా, మిరియాలు. సుబ్బరత్నమ్మ కోసం ఉల్లి మానేశాం. ఉడికిన గవ్వలు కలిపి, పైన చీజు తురిమి, పదకొండున్నరకు ట్రే మోసుకుని మాబూ సాబు రొట్టెల బట్టీకి వెళ్లాం.

"ఈ పొద్దు గుడ్డు కేకులు పెట్టలేదు సార్. ట్రేలన్నీ చింతపండుతో తోమించినా. టీచరమ్మ మా పిల్లోళ్లకు చదువు చెప్పింది," అన్నాడు మాబూ. చిటికెడు పిండి బట్టీలోకి విసిరాడు. అది నల్లబడింది. కాసేపాగి మళ్లీ విసిరాడు. ఈసారి నెమ్మదిగా గోధుమరంగుకు తిరిగింది. "ఇప్పుడు పెట్టండి." గడియారం చూడలేదు, వాసన చూసి తీశాడు. మా దొరసాని ఓవెన్‌లో కూడా పైపొర అంత సమంగా కాలగా నేను చూడలేదు.

ఇక వైను. కరుణమ్మ ఏటా క్రిస్మస్‌కు నల్లద్రాక్షతో జాడీల్లో పెడుతుంది. ఒక జాడీ లవంగాలతో తియ్యగా ఉంది. చీజు పక్కన పాయసంలా తోచింది. రెండోదాంట్లో చక్కెర తక్కువై పుల్లగా, ఒగరుగా ఉంది. "అది చెడిపోయిందిలే అన్నా," అంది. ఒక ముద్ద తిని ఒక గుక్క తాగాను. వెన్న జిడ్డు నాలుక మీంచి తుడిచినట్టు పోయింది. పెరుగన్నంలోకి మాగాయ ఎలాగో, దీనికి ఆ పులుపు అలాగ. అదే పోయమన్నాను.

ఒంటి గంటకు హెడ్మాస్టరు గారు, నలుగురు పంతుళ్లు వచ్చారు. కరుణమ్మ పళ్లేలు పెట్టి తలుపు పక్కన నిలబడింది. హెడ్మాస్టరు గారి చెయ్యి అలవాటుగా అరటిపళ్ల గెల వైపు వెళ్లింది.

"అది తర్వాత సారూ," అంది సుబ్బరత్నమ్మ. "రెండు గంటలు కూసోని నేనే వత్తినా. ముందు ఇది తినండి."

తన పళ్లెంలో వడ్డించుకుని అందరికన్నా ముందు తనే తింది. మిరియం తగిలి దగ్గు వచ్చింది. పక్కన చెయ్యి తడుముకుంది. చెంబు లేదు, ఆ రోజు పీట తెచ్చింది, చెంబు మరిచింది.

కరుణమ్మ ఆమె ఖాళీ చేతి వంకే చూస్తోంది.

"చూస్తాండావేంది మే? నీళ్లియ్!"

కరుణమ్మ గ్లాసు తెచ్చింది. పరుగున రావడంతో సగం నీళ్లు ఒలికాయి. సుబ్బరత్నమ్మ మిగతా సగం తాగేసింది. ఆ తర్వాత ట్రే ఎప్పుడు ఖాళీ అయిందో తెలియదు. హెడ్మాస్టరు గారు రెండోసారి అడిగి వేయించుకున్నారు. వైనులో మత్తు ఉంటుందని కరుణమ్మ ముందే చెప్పినా, "జలుబుగా ఉంది" అని ఒక గుక్క, "ఇంకా తగ్గలేదు" అని మరో గుక్క తీసుకున్నారు.

ఆదివారం ఉదయం బస్టాండులో కరుణమ్మ టవల్లో చుట్టిన పుల్లటి సీసా ఒకటి నా సంచిలో పెట్టింది.

"పీట తిరిగిచ్చినావా అమ్మా?" అడిగాను.

"పొద్దున్నే పట్టుకపోయినా అన్నా. తీసుకోలా. 'మళ్లా నేనే గదా వచ్చి వత్తేది, ఆడే ఉండనీ' అనింది."

నంద్యాలలో ఎక్కిన రైల్లో ఒక మూల కిటికీ సీటు దొరికింది. సొరంగంలో చీకటి పడగానే సీసా మూత తీసి వాసన చూశాను. చెడిపోయిందని ఆమె అనుకున్న జాడీలోదే. గుంటూరు వచ్చేదాకా ఒళ్లోనే పెట్టుకున్నాను.