సాలీడు కాటు, మూడు కట్లు

సత్యవేడు నుంచి తిరుపతి ఆస్పత్రికి బస్సులో బయలుదేరేసరికి ఉదయం ఏడున్నర. మా బావమరిది సుబ్రమణ్యం టైలరు. ఆ పొద్దున షాపు వెనక కట్టెలు తీస్తుంటే అరచేయంత బొచ్చు సాలీడు కుడిచేతి అంచున కరిచింది. విషం పైకి పాకకుండా నేనే పైజమా నాడాతో మణికట్టు దగ్గర బిగించి కట్టాను. అప్పట్లో మా ఊళ్లో సెల్‌ఫోన్ ఇద్దరికే ఉండేది. డాక్టరును అడిగి తెలుసుకునే ప్రమాదం లేదు.

ఈ బస్సెక్కితే ఎడమవైపు కూర్చోండి, ఎండ తగలదు.

"బావా, సచ్చిపోతానా?" అన్నాడు సుబ్రమణ్యం.

"సావవులేరా," అన్నాను, నాకేదో తెలిసినట్టు.

"సచ్చినా పర్వాలా. సెయ్యి పోతే సూది ఎట్ట పట్టేది?"

వెనక సీటు పెద్దమ్మ, "బొచ్చు కంట్లో పడితే కండ్లు పోతాయి నాయనా," అని భయపెట్టి, కూతురి జడ రిబ్బను విప్పించి మోచేతి కింద రెండో కట్టు వేసింది. ఎనిమిదింపావుకు నాగలాపురంలో ఎక్కిన పెద్దాయన అందరినీ మించిపోయాడు. "ఇదేం కట్టప్పా!" అంటూ చొక్కా ఎత్తి, సొంత మొలతాడు తెంపి భుజం కింద బిగించాడు. పుత్తూరు విరిగిన ఎముకలకు కట్టు కట్టడంలో పేరున్న ఊరు. మాకు అప్పటికే మూడున్నాయి కాబట్టి దిగలేదు.

పదింటికి తిరుపతి చేరాం. చెయ్యి వంకాయ రంగుకు తిరిగింది. వేళ్లు ముట్టుకున్నా తెలియడం లేదన్నాడు.

డాక్టరమ్మ ముందు కాటు వంక చూడనేలేదు. "ఈ కట్లు ఎవరు కట్టింది?" అని గద్దించి ఒక్కొక్కటే విప్పించింది. మొలతాడు దగ్గర ఆగి నా మొహం చూసింది. ఈ కాటుకు నొప్పి, వాపు ఉంటాయట, కొందరికి కండరాలు పట్టేస్తాయట. సబ్బుతో కడిగి ఆస్పత్రికి వస్తే చాలట. బొచ్చు విదిలించి దురద పుట్టించేవి వేరే దేశాల రకాలట.

"సాలీడు వల్ల ప్రాణానికేం కాదు. మీ కట్లతో ఇంకాస్త ఆగుంటే చెయ్యి తీసేయాల్సి వచ్చేది," అంది.

ధనుర్వాతం ఇంజెక్షన్ ఇచ్చి సాయంత్రం దాకా ఉంచారు. క్యాంటీన్ పొంగలి తెచ్చి వాడికి నేనే తినిపించాను.

ఐదింటి బస్సులో పక్కసీటాయన, "సేతికి ఏమైందప్పా?" అని అడిగాడు.

"సాలీడు కరిసిందన్నా. అది ఒక్కసారే కరిసింది. మా బావ సత్యవేడు నుంచి తిరుపతి దాకా కరిసినాడు."

చుట్టుపక్కల వాళ్లంతా నవ్వారు. "తప్పైపోయిందిరా," అన్నాను. సుబ్రమణ్యం కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు మెల్లగా దగ్గరికి తెచ్చి నా తొడ గిల్లాడు.

"అబ్బా!"

"నొప్పెట్టిందా బావా?"

"పెట్టకేం!"

"అయితే సూది పట్టుకోవచ్చు," అని ఇంకోసారి గిల్లాడు. నా కళ్లలో నీళ్లు తిరిగాయి. నొప్పికేనని చెప్పాను.