భజన బండికి కెమెరాలు సరిచేసిన రోజు

హనుమకొండలో నాది కార్లకు కెమెరాలు బిగించే చిన్న షాపు. ముందు ఒకటి, వెనక ఒకటి, రెండు పక్క అద్దాల కింద రెండు. ఆ నాలుగు బొమ్మలను కలిపి, బండిని పైనుంచి చూస్తున్నట్టుగా తెర మీద చూపిస్తుంది యంత్రం. చూసినవాళ్లు "దేవుడు చూసినట్టే ఉన్నది సార్" అంటారు. నేను ఒప్పుకోను. పైన ఏ కెమెరా లేదు, ఆ చూపు యంత్రం అల్లింది. నాకు శాస్త్రం చెప్పిన గురువుగారు దేవుడు లోపలే ఉన్నాడని నేర్పారు. నా భార్య పోయి, ఇంట్లో పలకరించే మనిషి లేకుండా పోయాక కూడా ఆ నమ్మకం కదలలేదు. శనివారం భజనకు మాత్రం మళ్లీ వెళ్లలేకపోయాను. అక్కడ ఆమె చరణం ఎత్తుకునేది, నేను అందుకునేవాణ్ణి. ఇప్పుడు ఇంట్లో ఒక్కణ్ణే పారాయణం చేసుకుంటున్నాను.

ఒక శనివారం మధ్యాహ్నం మా భజన మండలివాళ్లు నర్సంపేటకు పోతూ షాపు ముందు ఆగారు. సెకండ్‌హ్యాండ్‌లో కొన్న వ్యాను, కెమెరాలు దానితోనే వచ్చాయి.

"ముందు కుడి మూలకు మనిషి నిలవడితె కనిపిస్తలేడు సార్" అన్నాడు డ్రైవర్. "పొద్దుగాల అమ్మమ్మను జరంతల తప్పించిన."

"నువ్వు తప్పించినవా? నేనే పక్కకు దుంకిన!" అంది, మండలిలో అందరూ అమ్మమ్మ అని పిలిచే పెద్దావిడ, కిటికీలోంచి.

మండలి పెద్దాయన దిగివచ్చి నా భుజం మీద చెయ్యి వేశాడు. "కెమెరా సంగతి తర్వాత. నువ్వెప్పుడొస్తవ్ తమ్మీ?"

"షాపుల పని ఎక్కువున్నది అన్నా."

"దేవుడు నీ ఇంట్ల లేడా అంటే ఉన్నడు. మేం లేం గద."

నేను కెమెరాల దగ్గరికి వెళ్లాను. వాహన పూజలో నాలుగింటికీ పసుపు రాసి బొట్టు పెట్టారు, సరిగ్గా గాజు మీదే. పెట్టిన బొట్టు తుడవడానికి డ్రైవర్‌కు చెయ్యి రాలేదట. నేను చేతిని కళ్లకద్దుకుని తుడిచాను. కెమెరాల పక్కన రేకు మీద కొత్త బొట్లు పెట్టాను.

అందరినీ దింపి, కెమెరాలకు కొలత దొరికేలా బండి నాలుగు మూలల్లో నలుపు తెలుపు గళ్ల గుడ్డలు పరిచాను. తెర మీద ఒక బొమ్మ ఆగి ఇంకొకటి మొదలయ్యే చోట సన్నటి గీతలాగా ఉంది. ఆ గీత మీద నిలబడిన మనిషి రెండిట్లోనూ లేకుండా పోతున్నాడు. రెండు బొమ్మలూ ఒకదాని మీద ఒకటి కొంత మేర పరుచుకునేలా ఆ చోటును వెడల్పు చేశాను. పెద్దాయనను మూలకు నిలబెట్టాను. డ్రైవర్ తెర చూసి నవ్వాడు.

"సార్, పెద్దన్న ఇద్దరు కనిపిస్తాండు!"

"వద్దు నాయనా" అంది అమ్మమ్మ. "ఒక్కని లొల్లే పడలేకపోతానం."

"మాయమయ్యేదానికంటే నయం అమ్మమ్మా. ఇద్దరు కనిపిస్తె కాలు బ్రేకు మీదికే పోతది" అన్నాను.

అందరూ ఎక్కి కూర్చోగానే ఆ మూల మళ్లీ చెదిరింది. ఖాళీ బండికి సరిచేశాను కదా, బరువుకు బండి కిందికి దిగి కెమెరాలూ దిగాయి. మనుషులు కూర్చుని ఉండగానే చేయాలి. డ్రైవర్‌ను మూలకు నిలబెట్టి, అతని సీట్లో నేను ల్యాప్‌టాప్ పెట్టుకుని కూర్చున్నాను.

మా మండలివాళ్లు బండెక్కి ఊరికే కూర్చోలేరు. వెనక చిడతలు మొదలయ్యాయి. నా భార్య ఎత్తుకునే చరణం వచ్చింది. ఎవరో కొత్త గొంతు ఎత్తుకుంది, బాగానే పాడింది. తర్వాత అందుకోవలసింది నేను. వాళ్లు నా కోసం ఒక్క తాళం ఆగారు, తర్వాత వాళ్లే అందుకున్నారు. తెర మీద డ్రైవర్ రెండు పల్చటి నీడలుగా చెయ్యి ఊపుతున్నాడు. బొమ్మలను ఇంకొంచెం జరిపాను. కుదిరింది.

నేను దిగుతుంటే అమ్మమ్మ అంది, "ఎక్కినోడివి మల్ల దిగుతవేంది? షటరేసి రా."

డ్రైవర్ తన సీట్లో కూర్చున్నాడు గానీ బండి కదిలించలేదు. పక్క తలుపు తెరిచే ఉంది. నేను షటర్ దాకా నడిచి, వెనక్కి తిరిగి, వెళ్లమన్నట్టు చెయ్యి ఎత్తాను. పెద్దాయన తలుపు తనే లాక్కున్నాడు.

బండి మలుపు తిరిగాక షటర్ సగం దించి, లోపల నిలబడి, నేను అందుకోవలసిన ఆ పాట వరుస పాడాను. ముందు ఎత్తుకునేవాళ్లు లేకుండా అది ఎక్కడ మొదలు పెట్టాలో తెలియక, సగంలోంచి.