మూడు తలలు వంగితే తెర చీకటి

అప్పట్లో నాకు దేవుడి తర్వాత అంతటి నమ్మకం ఉన్నది నా కుడిచేతి చూపుడువేలి మీదే. దేవుడి మీద నమ్మకం మా అమ్మ నేర్పింది. వేలి మీద నమ్మకం కిషన్‌బాగ్‌లోని మా చర్చిలో ఆరేళ్లు పాటలు చూపే తెర నడిపితే వచ్చింది. పాట మొదలైతే చరణాలు వేయడం, పాస్టరు అయ్యగారు వాక్యం ఎత్తితే ఆ వచనం చూపడం ఎవరైనా చేస్తారు. అసలు పని ప్రార్థనప్పుడు. జనం తలలు వంచగానే తెరను నల్లగా మార్చాలి. ఆలస్యమైతే కళ్లు మూసుకోవలసినవాళ్లు పాటలో అచ్చుతప్పులు వెతుక్కుంటారని అయ్యగారి అనుమానం (వెతికేవాళ్లలో నేనే మొదటిదాన్ని). అందుకని ఆయన నోటి మాట కోసం కూడా ఆగేదాన్ని కాదు. ముందు వరుసలో మూడు తలలు వంగితే చాలు, నా వేలు నల్ల మీట మీద పడేది. సంఘమంతా మెచ్చుకునేది. నేను వినయంగా తల వంచుకుని లోలోపల పొంగిపోయేదాన్ని.

డిగ్రీ అయ్యాక సీదా భాయ్ దగ్గర పనికి కుదిరాను. పాతబస్తీ ఫంక్షన్ హాళ్లలో ఎల్‌ఈడీ తెరలు కట్టేవాడాయన. చిన్న చిన్న పలకలు బిగించి గోడంత తెర నిలబెట్టేటప్పుడు ఒక్కటి వెంట్రుకవాసి జరిగినా తిన్నగా పెట్టమని "సీదా, సీదా" అంటాడు కనుక ఆ పేరు. మా బాపు బస్సు డిపోలో ఎలక్ట్రీషియన్, ఇద్దరికీ పాత స్నేహం. ఆ స్నేహం వల్ల నాకు ఉద్యోగం దొరికింది గానీ కుర్చీ దొరకలేదు. ఏడాదిన్నర వైర్లు చుట్టాను. నా కన్ను మాత్రం స్విచ్చర్ మీదే. కెమెరాల నుంచి వచ్చే బొమ్మలన్నీ అందులో చేరతాయి. ఏ మీట నొక్కితే ఆ బొమ్మ పెద్ద తెర మీదికి వెళ్తుంది. దాని ముందు కూర్చునే అన్నకు, బహదూర్‌పురాలో మొబైల్ ఆటల పోటీ ఫైనల్ రోజున సరిగ్గా జ్వరం వచ్చింది. (అతని స్వస్థత కోసం ప్రార్థించాను. ఫైనల్ అయిపోయాక తగ్గినా చాలని ప్రార్థించాను. అది దేవుడికీ నాకూ మధ్య విషయం.)

"నేను కూసుంట భాయ్. చర్చిల ఆరేండ్లు నడిపిన, ఒక్కసారి తప్పు పోలే" అన్నాను.

ఆయన నన్ను చూశాడు, మీటలను చూశాడు, మళ్లీ నన్ను చూశాడు. "కూసో బేటా. గానీ సున్. ఒక్క గల్తీ అయితే మళ్ల వైర్లే. జిందగీ మొత్తం వైర్లే."

మామూలుగా పెళ్లికొడుకూ పెళ్లికూతురూ కూర్చునే వేదిక అది. ఆ రోజు అటు నలుగురు, ఇటు నలుగురు కుర్రాళ్లు పెళ్లిళ్ల బంగారు రంగు కుర్చీల్లోనే కూర్చుని ఫోన్లలో యుద్ధం చేస్తున్నారు. వెనక తెర మీద ఆ యుద్ధం, ముందు హాలు నిండా జనం. నేను అదరగొట్టాను. దూకినవాణ్ని, దాక్కున్నవాణ్ని, కాల్చినవాణ్ని ఎవరినీ వదలకుండా పట్టుకున్నాను. తెర వెనక నుంచి సీదా భాయ్ నా చెవిలోని ఫోనులో "మస్తు, బేటా" అన్నాడు. ఆయన నోట ఆ మాట అంతకు ముందు ఒక్క బిర్యానీ గురించే విన్నాను.

చివరికి ఒక్కో జట్టులో ఒక్కడు మిగిలాడు. ఇద్దరూ ఒకే కూలిన మేడలోకి దూరారు, ఒకడు మెట్ల పైన, ఒకడు కింద. హాలంతా ఊపిరి బిగబట్టింది. అప్పుడు నా ముందున్న చిన్న తెరలో వేదిక మీది కెమెరా బొమ్మ కనబడింది. కింద ఉన్నవాడి జట్టులో అప్పటికే ఓడిపోయిన ముగ్గురు చేతులు జోడించి, కళ్లు మూసుకుని తలలు వంచారు. మూడు తలలు.

నా వేలు పడింది. తెర నల్లబడింది.

హాలు నిశ్శబ్దమైపోయింది. నాకేమీ వింతగా అనిపించలేదు, ప్రార్థనలో జనం అలాగే ఉంటారు. నేనూ కళ్లు మూసుకున్నాను.

"బేటా, బొమ్మ ఏది?" అని చెవిలో సీదా భాయ్.

"ప్రార్థన నడుస్తున్నది భాయ్" అని గుసగుసగా చెప్పాను.

ఆ మాట నా చెవికే వినబడ్డాక కళ్లు తెరిచి మీట నొక్కాను. తెర మీద గెలిచిన జట్టు పేరు మెరుస్తోంది. చీకట్లోనే యుద్ధం ముగిసింది. ఇక లొల్లే లొల్లి. పోటీ పెట్టినాయన నా బల్ల దగ్గరికి పరుగెత్తుకొచ్చి ఏమైందని అడిగితే, అప్పటికే తెర వెనక నుంచి వచ్చేసిన సీదా భాయ్ నన్ను కాపాడబోయి కరెంటు అన్నాడు. మా ఊళ్లో కరెంటు మీద నింద వేస్తే ఎవరూ నొచ్చుకోరు. నేను ఊరుకుంటే నా కుర్చీ నాకు మిగిలేది. కానీ సండే స్కూలులో అబద్ధ సాక్ష్యం గురించి పిల్లలకు పాఠం చెప్పేదే నేను.

"కరెంటు కాదు సార్. నేనే ఆపిన" అన్నాను.

సీదా భాయ్ నుదురు పట్టుకున్నాడు. ఆ ఒక్క మాటతో మళ్లీ వైర్ల దగ్గరికి పోయానని నాకు తెలుసు. అయినా తెర మాత్రమే ఆగిందనీ, ఆట రికార్డు అవుతూనే ఉందనీ చెప్పి ఒక్క నిమిషం అడిగాను. ఆటలోని ఆ మెట్ల దగ్గరికి వెనక్కి తిప్పి వదిలాను. కిందవాడు పైకి పాకడం, పైవాడు అటు తిరగడం, కిందవాడి ఒక్క తూటా. ఎవరు గెలిచారో తెలిసిన జనమే, తెలియనట్టు కుర్చీలెక్కి అరిచారు. ఆడినవాళ్లు కూడా లేచి, వెనక్కి తిరిగి తెర చూశారు. ఫోనులో తమ యుద్ధం ఎంత చిన్నగా ఉండిందో అప్పుడే తెలిసినట్టుంది.

ఆ తర్వాత ఆ ముగ్గురి దగ్గరికి వెళ్లి, వాళ్ల ప్రార్థనకు మర్యాద ఇచ్చే ఆపానని చెప్పుకున్నాను.

ఒకడు తెల్లబోయి "ప్రార్థననా? మావోడు సచ్చిపోతడని సూడలేక కండ్లు మూసుకున్నం అక్కా" అన్నాడు.

"అది గూడ ప్రార్థననే" అన్నాను, తగ్గకుండా.

చెప్పించుకోవడం ఎందుకని నేనే వెళ్లి వైర్ల చుట్ట భుజానికెత్తుకున్నాను. సీదా భాయ్ వచ్చి దాన్ని దింపాడు. స్విచ్చర్ దగ్గరికి తీసుకెళ్లి, నల్ల మీట మీద టేపు ముక్క అతికించాడు. "ఇది నాది. మిగిలినయన్నీ నీవి. రేపు శాదీ ఉన్నది, పొద్దుగాల రా."

ఇప్పుడు పెద్ద పెద్ద పోటీలకు నాదే జట్టు. ఆటగాడు తల వంచితే కెమెరాను ఇంకా దగ్గరికి తీసుకెళ్లమంటాను, జనం చూడాలనుకునేది అదే. అలా చెప్పిన ప్రతిసారీ, నిండు హాలులో తెర ఆపేసి తానూ కళ్లు మూసుకున్న ఆ పిల్ల గుర్తొచ్చి నవ్వుకుంటాను. పనిలో ఆమెకంటే నేనే మేలు, అందులో సందేహం లేదు. మర్యాదలో మాత్రం ఆమెదే పైచేయి.