బాపు మోకు, బిడ్డ సీటు

మా బాపు కాటమయ్య ముప్పై ఎనిమిదేళ్లు కల్లు గీస్తూ తాళ్లెక్కాడు. ఘనపూర్ పక్కన మా ఊరి తాటివనంలో పొద్దున పన్నెండు చెట్లు, సాయంత్రం మళ్లీ అవే పన్నెండు. నడుమునూ చెట్టునూ కలిపి చుట్టుకునే మోకు ఒక్కటే ఆయనకు ఆధారం. ఆ తాడును తనే పేనుకునేవాడు. నన్ను మాత్రం చెట్టు మొదట్లోకి కూడా రానిచ్చేవాడు కాదు. “నీ చేతికి చాక్‌పీసే మంచిగుంటదిరా ఎల్లేశ్” అనేవాడు. అట్లాగే అయింది. జనగామలో ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెప్తున్నాను.

బిడ్డ పుట్టాక నాకు భయం పట్టుకుంది. పాత కారు కొన్నాక అది రెట్టింపైంది. యాభై కిలోమీటర్ల వేగంతో పోయే కారు దేన్నైనా గుద్ది ఆగిపోతే, ఒళ్లో ఉన్న పది కిలోల పిల్లను తల్లి చేతులు ఆపలేవని కాగితం మీద లెక్క కట్టి నా భార్య కల్యాణికి చూపించాను. ఆమె వారం రోజులు కారెక్కలేదు. ఇక పిల్లల సీట్ల గురించి దొరికిందల్లా చదివాను. ఏడాదిన్నర బిడ్డకు వెనక్కి తిరిగి ఉండే సీటే మేలు, మెడ మీద భారం తక్కువ పడుతుంది. భుజం పట్టీని రెండు వేళ్లతో గిల్లి చూస్తే మడత రాకూడదు. ఇదంతా నాకు కంఠతా వచ్చు. అప్పుడే మా కెమిస్ట్రీ సార్ యోసేపు, తన కొడుకు వాడిన సీటు ఊరికే ఇచ్చాడు. కొత్తదానిలా మెరుస్తోంది. సంక్రాంతి దాటిన ఆ ఆదివారమే బిడ్డను అందులో కూర్చోబెట్టి ఊరికి పోయాం.

మా అమ్మ కట్టమ్మ చూసి నెత్తి కొట్టుకుంది. “పసిపోరిని గట్ల కట్టేసిండ్రేంది? ఏం దొంగతనం చేసింది?”

బాపు నవ్వలేదు. వంగి పట్టీలను ఒక్కొక్కటే లాగాడు, గోటితో అంచులు గీకాడు.

“ఎవరిది?”

“మా సారుది బాపు. ఊరికే ఇచ్చిండు.”

“ఆయన కారు ఎన్నడన్న గుద్దిందా, అడుగు.”

“ఎందుకు?”

“అడుగురా ముందు.”

ఫోన్ చేశాను. యోసేపు నవ్వాడు. “డోర్నకల్ దగ్గర ఒకసారి ట్రాక్టర్‌కు తగిలిందన్నా. సీటుకు గీత గూడ పడలే. మావోడు నిద్ర గూడ లేవలే!”

“వాపస్ ఇచ్చెయ్” అన్నాడు బాపు. “మోకు ఒక్కసారి మనిషిని ఆపిందంటే మళ్ల నడుముకు కట్టొద్దు. పైకి మంచిగనే కనపడ్తది. లోపల పోగులు సాగి ఉంటయి.”

స్థితిస్థాపకతా అవధి గురించి ఏటా తీగకు బరువులు వేలాడదీసి పాఠం చెప్పేది నేనే. ఆ పాఠం నా బిడ్డ సీటు దాకా రాలేదు. సిగ్గుపడ్డాను, ఆయనను చూసి గర్వపడ్డాను కూడా. మర్నాడు స్టాఫ్ రూంలో పదిమందికి చెప్పుకున్నాను.

ఆ ఆదివారం మేం బయల్దేరుతుంటే బాపు కారు దగ్గరికొచ్చాడు. “బేస్తవారం మండలంల తాళ్లెక్కేటోళ్లకు మోకు బదులు కొత్త బెల్టులిస్తరట, వాటితోని ఎక్కుడు గూడ నేర్పుతరట. ఫోటోలు, కాయితాలు ఏవో అడుగుతరు. జర నువ్వొస్తవా?”

“బేస్తవారం హన్మకొండ పోవాలె బాపు, కొత్త సీటు బిగించేటాయన ఆ రోజే ఉంటడు. మళ్లోసారి ఇచ్చినప్పుడు పోదాం.”

“పాపం పోరికి కావాలె గద, పో. నాదేముంది.”

గురువారం మా బిడ్డకు కొత్త సీటు వచ్చింది. బాపు మండలానికి పోలేదని తర్వాత తెలిసింది. కల్లు మండువలో పోశాలు పెదనాయన ఎగతాళి చేశాడట: “ఏందిరో కాటమయ్యా, కొడుకు చేయి పట్టుకొని తీస్కపోతె గాని చెట్టెక్కుడు నేర్సుకోవా?” చదువు రాని బాపు ఒక్కడే పోయి ఎవరినీ అడగలేకపోయాడు. ఆ తర్వాత రెండుసార్లు ఫోన్‌లో బెల్టుల మాట కదిపాడు. రెండుసార్లూ పోదాంలే అన్నాను.

ఏప్రిల్‌లో క్లాసులో ఉండగా ఫోన్ వచ్చింది. మోకు తెగింది. వరంగల్ దవాఖాన వరండాలో అమ్మ నా భుజం పట్టుకుని ఏడ్చింది.

“కార్తీకంలనే జారిండు బిడ్డా. ఆ మోకే ఆపింది. కొత్తది పేనుకో అంటే, బెల్టులు వస్తున్నయి గద, ఇంక మోకెందుకు అన్నడు. నీకు చెప్తె పరేషాన్ అయితవని చెప్పనియ్యలే.”

యోసేపును అడిగిన ప్రశ్న నేను బాపును అడగలేదు. ఆ ఆదివారం ఆయన నడుముకు కట్టుకుని తిరుగుతున్న తాడు ఎట్లాంటిదో అప్పుడు నాకు తెలియదు. అడిగి ఉంటే ఆయన అబద్ధం చెప్పేవాడు కాదు.

వెన్నుపూస దెబ్బతిని కాళ్లు చచ్చుబడ్డాయి. ఇప్పుడు బాపు, అమ్మ జనగామలో మా దగ్గరే ఉంటున్నారు, ఆయనను నెలకోసారి దవాఖానకు తీసుకుపోవాలి. వెనక సీట్లో పడుకోబెడితే బిడ్డ సీటుకు చోటుండదు. మొన్న దాన్ని విప్పుతుంటే మంచం మీది నుంచే కేకేశాడు.

“ఊడపీకకురా, మళ్ల సక్కగ బిగుస్తదో లేదో. నేను ఆటోల పోత.”

“ఆటోల గుంతలకు నీ నడుముంటదా? నోర్మూసుకొని పండు” అంది అమ్మ.

తాతతో వస్తానని బిడ్డ గేటు పట్టుకుని ఏడ్చింది. కల్యాణి ఎత్తుకుని లోపలికి తీసుకుపోయింది. నేను ముప్పై దాటకుండా నడిపాను.

“ఎడ్లబండి నయం గదరా” అన్నాడు బాపు వెనక నుంచి.

కొంత దూరం పోయాక, “బాపు, ఆ బేస్తవారం...” అన్నాను.

“ముందు చూసి తోలు” అన్నాడు.