నా లేతును గుంజుకున్న సర్టిఫికెట్టు

నా లేతు క్లాసును నా సర్టిఫికెట్టే నా చేతిలోంచి గుంజుకుంది. దొంగ కాదు, దొర కాదు, గిట్టనివాడు కాదు. నేను కోరి, ఫోటో అంటించి, సంతకం పెట్టి తెచ్చుకున్న కాగితం. ఇంతటి అన్యాయం నా జన్మలో ఇంకొకటి జరగలేదు. చేసిందెవరంటే మాత్రం అద్దం ముందుకు పోయి వేలు చూపించాలి. మీరు నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. నాకు ఇప్పటికీ నవ్వు రావడం లేదు, అదే బాధ.

నాచారంలో నేను పనిచేసిన ఫ్యాక్టరీ మూతపడ్డాక, అదే రోడ్డు చివర ఒక ప్రైవేటు శిక్షణ కేంద్రంలో లేతు నేర్పడానికి కుదిరాను. లేతంటే ఇనుప కడ్డీని గిర్రున తిప్పుతూ, పదునైన టూలు ఆనించి, కావలసిన రూపానికి చెక్కే యంత్రం. బడిలో నేను చదివింది తక్కువ. మిగతా చదువంతా మిషన్ల వెంట వచ్చిన పుస్తకాల్లోనూ, పల్లీలు కట్టిచ్చిన పేపరు ముక్కల్లోనూ ఏరుకున్నాను. నేర్పడం కూడా నోటితో తక్కువే. షెడ్డులో మిషన్లన్నీ మొదలైతే ఎంత అరిచినా పక్కవాడికి వినబడదు. అందుకని నా చేతిలో ఎప్పుడూ ఒక స్పానరు ఉండేది. ఇనుప బల్ల మీద ఒక దెబ్బ కొడితే 'మెల్లగా' అని. రెండు కొడితే 'ఆపు' అని. కొత్త పిల్లలకు నేను నేర్పే మొదటి పాఠం అదే. ఆ దెబ్బల సంగతి కాస్త గుర్తుపెట్టుకోండి. నా కొంప ముంచినవి అవే.

మెట్రో కోసం ఉప్పల్ రోడ్డును తవ్వి పోస్తున్న రోజులు. మా పిల్లలకు ఒక పెద్ద సంస్థ పరీక్షలు పెట్టి సర్టిఫికెట్లు ఇవ్వడానికి ఒప్పుకుంది. కాకపోతే నేర్పేవాళ్లకు కూడా అర్హత ఉండాలని షరతు పెట్టింది. ప్రిన్సిపాల్ వసంత మేడమ్ మమ్మల్ని కూర్చోబెట్టి విడమరిచి చెప్పింది.

"మూడు కోర్సులున్నయి సార్. మొదటిది, పిల్లల పని సూసి పాసా ఫెయిలా చెప్పేటోళ్లకు. రెండోది, వాళ్లు న్యాయంగ చెప్తున్నరా లేదా అని సెంటర్లనే ఉండి సరిచూసేటోళ్లకు. మూడోది, అట్ల సరిచూసేటోళ్లందరికి పెద్దగ ఉండేటోళ్లకు. మీరు మిషన్ దగ్గర ఉండే మనిషి. మొదటిది తీసుకోండి."

"అన్నిట్ల పెద్దది ఏది మేడమ్?"

"పెద్దదని గాదు సార్, పని వేరు. అయినా మూడోదానికి ముందు రెండోది ఉండాలె."

"అయితే రెండోది రాయుండ్రి."

పక్కన వెల్డింగు నేర్పే సత్తయ్య మోచేత్తో పొడిచాడు. "నీకెందుకే అన్నా? మొదటిది జేసి గమ్మునుండు."

"నీకు తెల్వదు ఊకో సత్తీ. పైది ఉంటే కిందిది ఉన్నట్టే. ఫోర్‌మన్ లేతు నడుపుతడా లేదా?"

"నడుపుతడు."

"మరి?"

"ఇది ఫ్యాక్టరీ గాదు గదనే!"

వాడి మాట నా చెవికెక్కలేదు. ఎక్కకపోవడానికి కారణం ఉంది. ఫ్యాక్టరీలో ఒక ఇన్‌స్పెక్టరు ఉండేవాడు. మేము నూనె మరకలతో నిలబడితే, ఆయన తెల్లకోటుతో అద్దాల గదిలో టేబులు ఫ్యాను ముందు కూర్చునేవాడు. నేను చెమటోడ్చి చేసిన షాఫ్టు మీద పనికిరాదని ఎర్ర రంగు పూసి, నా ముఖమైనా చూడకుండా "తీస్కపో" అనేవాడు. ఆ ఎర్ర రంగు నా కలల్లోకి వచ్చేది. ఒక్కసారి, చచ్చేలోగా ఒక్కసారి, ఆ గదిలో ఆ ఫ్యాను ముందు నేను కూర్చోవాలి. ఎంత గొప్ప ఆశయమో చూశారా!

మేడమ్ ఆఖరుసారి హెచ్చరించింది. "ఒక్క మాట సార్. సరిచూసేటోళ్లు వాళ్లు నేర్పిన పిల్లలకు వాళ్లే మార్కులేసుడు కుదరదు."

"గది తర్వాత సూస్కుందాం మేడమ్."

ఇంటిముందు ఆగిన బస్సును చెయ్యూపి పంపించేయడం అంటే ఇదే.

కోర్సు రామంతాపూర్‌లో. ఉప్పల్ నుంచి షేర్ ఆటోలో మూలకు నొక్కుకుని, మొదటి రోజు నా మైక్రోమీటరును పట్టుగుడ్డలో చుట్టి మరీ పట్టుకుపోయాను. క్లాసులో అందరూ నా పిల్లల వయసువాళ్లు. పాఠం చెప్పే ఆయన గోదావరి వైపు మనిషి, మహా మర్యాద.

"అదేంటండీ?"

"మైక్రోమీటరు సార్. వెంట్రుక మందం గుడ చెప్తది."

"ఇక్కడ మనం కొలిచేది ఏమీ ఉండదండీ. ఇంకొకరు సరిగ్గా కొలిచారా లేదా అన్నది మాత్రమే చూస్తాం."

"నేను కొలవకుంట వాడు సరిగ్గ కొలిచిండని నాకెట్ల తెలుస్తది సార్?"

క్లాసంతా నవ్వింది. మైక్రోమీటరు మళ్లీ పట్టుగుడ్డలోకి పోయింది, కొత్తకోడలు గదిలోకి పోయినట్టు. ఆ చదువులో ఒక మాట పదేపదే చెప్పారు: సరిచూసేవాడు పనిలో వేలు పెట్టకూడదు. పరీక్షలో ఆ జవాబును ముత్యాల్లాంటి దస్తూరితో రాశాను. మంచి మార్కులు వచ్చాయి. అర్థం మాత్రం చాలా ఆలస్యంగా వచ్చింది.

సర్టిఫికెట్టుకు ఫ్రేము కట్టించాను. మా ఆవిడ భారతమ్మ మేకు కొట్టి తగిలించింది. మరునాడు స్పానరు పట్టుకుని షెడ్డులోకి అడుగుపెడుతుంటే మేడమ్ ఎదురొచ్చింది.

"ఇటు కాదు సార్. మీ కుర్చీ లోపలి గదిల వేయించిన."

"మరి క్లాసు?"

"శ్రీకాంత్ తీసుకుంటడు. మీ దగ్గర నేర్చుకున్నోడే గద, మొదటి కోర్సుల గుడ చేరిండు. ఆయన మార్కులు మీరు సరిచూడాలె. మన సెంటర్ల ఆ అర్హత ఉన్నది మీ ఒక్కరికే. మీరే నేర్పి, మీరే మార్కులేసి, మీరే సరిచూస్తే మనను ఎవరు నమ్ముతరు?"

"సత్తయ్యను సెయ్యమనుండ్రి మేడమ్ గా కోర్సు! నేను ఎనకకొస్త."

సత్తయ్య వెల్డింగు ముసుగు ఎత్తి అన్నాడు. "నాకు పిచ్చి లేసిందా? అన్నను సూసినంక ఈ సెంటర్ల ఇంకెవ్వడన్న దాని పేరెత్తుతడా?"

ఎవ్వరూ ఎత్తలేదు.

గదికి అద్దాలున్నాయి. టేబులు ఫ్యాను కూడా ఉంది. నేను కోరుకున్నవన్నీ వచ్చాయి, అద్దం అవతల నా లేతు తప్ప. పెళ్లింట్లో వంటవాణ్ణి కుర్చీ వేసి కూర్చోబెట్టి, వాసన చూస్తే చాలు అన్నట్టయింది నా బతుకు.

బందులతో వాయిదా పడుతూ పడుతూ చివరికి పరీక్ష రోజు వచ్చింది. శ్రీకాంత్ మార్కులు వేయాలి, నేను దూరం నుంచి అతన్ని గమనించాలి. "సార్, జర గా పచ్చగీత అవుతల నిలబడుండ్రి," అన్నాడు నా శిష్యుడు, నేను గీయించిన గీతను చూపించి. నిలబడ్డాను. చేతిలో అట్ట, పెన్ను. జేబులో అలవాటు కొద్దీ స్పానరు.

చివరి లేతు మీద మంజుల. ఆ పిల్లకు మొదటిరోజు టూలు పట్టించింది నేను. కడ్డీ మీద టూలు కీచుమంది. తొందరపడుతోంది. ఆ కీచు నా పళ్లలోకి దిగింది. శ్రీకాంత్ ఏదో రాసుకుంటున్నాడు. నేను కదల్లేదని ప్రమాణపూర్వకంగా చెబుతున్నాను. కదిలింది నా చెయ్యి. స్పానరు బల్ల మీద ఠంగుమంది. ఒక్కటే దెబ్బ. మంజుల వెంటనే నెమ్మదించింది. కీచు ఆగి, టూలు వెన్నలో దిగినట్టు సాగింది. నాకు ప్రాణం లేచొచ్చింది. ఆ సంబరంలో, శభాష్ అనబోయి, నా చెయ్యి ఇంకొకటి కొట్టింది.

రెండు దెబ్బలయ్యాయి.

వరసలో ఉన్న మిషన్లన్నీ ఒక్కసారి ఆగిపోయాయి. అంతటి నిశ్శబ్దం ఆ షెడ్డు కరెంటు పోయినప్పుడు కూడా ఎరగదు. శ్రీకాంత్ పోలీసులకు దొరికినవాడిలా రెండు చేతులూ పైకెత్తి నిలబడ్డాడు. వాడూ నా దగ్గర నేర్చుకున్నవాడే కదా! వెల్డింగు మూల తెర వెనకనుంచి సత్తయ్య గొంతు వినబడింది: "అన్నా, నేను గుడ ఆపిన!"

"గిదేంది సార్!" అన్నాడు శ్రీకాంత్, చేతులు దించుకుంటూ.

"నేనేమన్నరా? నోరు తెరవలే."

"ఆపుమని రెండు కొట్టిన్రు గద సార్," అంది మంజుల అమాయకంగా.

శ్రీకాంత్ దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "ఇగ ఈ పరీక్ష చెల్లదు సార్. మధ్యల వేరేటోళ్లు సాయం జేసిన్రని రిపోర్టు పోవాలె."

"రాయి మరి. నా పేరు రాయి."

"నేను రాసేది గాదు సార్. గా రిపోర్టు రాసే అధికారం మీదే."

రాశాను. నా మీద నేనే రాశాను. ఇటువంటిది మళ్లీ జరిగే అవకాశం ఉందా అని అడిగినచోట, మనిషి స్వభావం తెలిసినవాణ్ణి కనక, ఉందని రాశాను. పిల్లలకు మళ్లీ పరీక్ష పెట్టారు. అందరూ పాసయ్యారు. ఆ పరీక్ష జరిగినంతసేపూ నన్ను గదిలో కూర్చోబెట్టి బయటనుంచి గడియ పెట్టారు. స్పానరు బదులు శ్రీకాంత్‌కు ఈల కొనిచ్చారు. సర్టిఫికెట్టు తీసుకుని పోతూ మంజుల నా గది ముందు ఆగింది.

"ఈల మంచిగ ఇనస్తలేదు సార్."

ఆ మాటతో గోడ మీది ఫ్రేము పీకెయ్యమన్నాను ఇంటికి పోయి. "కొట్టేది నేనే, పీకేది నేనేనా?" అంది భారతమ్మ.

పెద్ద సంస్థకు దరఖాస్తు పెట్టాను. ఈ అర్హత నాకొద్దు, వెనక్కి తీసుకుని నన్ను నా పిల్లల దగ్గరికి పంపండి అని. జవాబు లేదు. మళ్లీ పెట్టాను. తెలంగాణ వచ్చింది, వీధంతా మిఠాయిలు పంచాం, నా జవాబు రాలేదు. రాష్ట్రం కన్నా నా కాగితం కదలడమే కష్టమైంది.

ఈలోగా నేనొక ప్రతిజ్ఞ చేశాను. లేతు మీద చెయ్యి వేసి చేద్దామంటే ముట్టనివ్వరు కనక మైక్రోమీటరు మీద చేశాను. ఇకమీదట ఎవరైనా నాకు మూడు మెట్లు చూపించి ఏది కావాలంటే, మెట్ల కిందే చాప వేసుకుంటాను. పెద్దది ఏదని ఈ నోటితో అడగను. అద్దాల గది, టేబులు ఫ్యాను శత్రువుకు కూడా వద్దు. ఆ ఇన్‌స్పెక్టరు ఎక్కడున్నా ఆయన్ను క్షమించాను, పాపం ఆయనకూ ఏదో లేతు ఉండే ఉంటుంది.

ప్రతిజ్ఞ చేశాక జవాబొచ్చింది. ఉన్నదున్నట్టు దింపుతున్నాను:

"అయ్యా, ఇచ్చిన అర్హతను వెనక్కి తీసుకునే పద్ధతి మా సంస్థలో లేదు. మీరు తిరిగి పిల్లల పనికి మార్కులు వేయదలచుకుంటే మొదటి కోర్సులో చేరవచ్చు. అందుకు, మీరు మార్కులు వేసే తీరును మీ కేంద్రంలోని అర్హులైన వ్యక్తి సరిచూసి ధ్రువీకరించాలి. మా రికార్డుల ప్రకారం మీ కేంద్రంలో ఆ అర్హత ఉన్నది మీ ఒక్కరికే. తన పనిని తానే సరిచూసుకోవడం నిబంధనలకు విరుద్ధం. మీ మీద మీరు రాసిన రిపోర్టును కొత్తవాళ్లకు నమూనాగా చూపిస్తున్నాం. అభినందనలు."